కంట్రోల్లో ఉన్న ఆవు

మాణిక్యాంబ తన ఆవుకి ముత్యాలు అని పేరు పెట్టుకుంది. ఒక్క కప్పు కింద మాణిక్యమూ ముత్యమూ రెండూ ఉన్నాక బుల్లబ్బాయికి ఇంక లోటేంటి అని ఊళ్లో వాళ్లు ఎకసెక్కాలాడేవారు. మొగుడు బుల్లబ్బాయి కూడా తక్కువ తినలేదు. ఆ రెండింటి మధ్యా పేడకళ్లు ఎత్తడానికి నేనున్నాను కదండీ అనేవాడు.

వెటకారానికేం గానీ, ఆ ఇల్లు నడిచేది ఆ ఆవు మీదే. కొబ్బరిచెట్టు మీంచి జారిపడ్డప్పటినుంచీ బుల్లబ్బాయికి నడుం లేవదు. కౌలుకి చేసే చేను వదిలేసుకున్నారు. కూతుర్ని పెనుగొండ ఇచ్చారు, దాని సంసారం దానికే బొటాబొటీ. ఇంక మిగిలింది ముత్యాలు. జెర్సీ రక్తం కలిసిన ఎర్రావు. దాని తల్లి ఈనగానే చచ్చిపోతే, ఇంటింటికీ తిరిగి పాలడిగి తెచ్చి సీసాతో తాగించి బతికించుకుంది మాణిక్యాంబ. ఇప్పుడది మూడో ఈత ఈని పెయ్యదూడతో ఉంది. దాని పొదుగు ఆగిపోతే ఆ ఇంట్లో పొయ్యి ఆగిపోతుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఊరందరికీ తెలిసిందే.

ఊరేమో రావులపాలేనికి అవతల, గోదారి గట్టు కింద. ఆ వేసవిలో పాలకేంద్రం వాళ్లు ఈ ఊరి పాలు చూసి మొహం మాడ్చుకోవడం మొదలెట్టారు. వెన్న బాగానే ఉంది, ఎవరూ నీళ్లు కలపట్లేదు, అయినా కాస్తే విరిగిపోతున్నాయి. అప్పుడే రాజమండ్రి వైపు నుంచి పశువుల మీద పరిశోధన చేసేవాళ్లు కారేసుకుని దిగారు. వాళ్లలో హారతి అని ఒక చిన్న డాక్టరు ఉంది. మంచి పిల్లే. చెప్పులు విప్పి పేడలో దిగి పని చేస్తుంది, పెద్దవాళ్లని గారూ అండీ అని పిలుస్తుంది. చెడ్డపిల్లయితే ఈ కథ చెప్పడం ఇంకా తేలికయ్యేది.

పాలకేంద్రం అరుగు మీద అందర్నీ కూచోబెట్టి ఆ పిల్ల చెప్పింది. పొదుగు వాపు జబ్బు రెండు రకాలటండి. ఒకటి కంటికి కనబడేది. రెండోది లోపలే ఉండి పాలని పాడుచేస్తుంది, పైకి పొదుగు నిక్షేపంలా ఉంటుంది. ఒక గుంటల పళ్లెంలో నాలుగు చన్నుల పాలూ విడివిడిగా పోసి, మందునీళ్లు కలిపి తిప్పి చూపించింది. దొరబాబు గారి ఆవు పాలు ఒక గుంటలో గంజిలా చిక్కబడ్డాయి. జనం ముక్కున వేలేసుకున్నారు. పాలు పితికాక చన్ను కొసన కన్నం కాసేపు తెరుచుకునే ఉంటుందని, ఆవు అప్పుడే బురదలో పడుకుంటే క్రిములు అందులోంచి లోపలికి పోతాయని, పితగ్గానే చన్నుల్ని ఒక గోధుమరంగు మందులో ముంచితే ఆ దారి మూసుకుపోతుందని చెప్పింది. అయితే మన బురదకీ మన వానలకీ ఆ మందు ఆగుతుందా లేదా అన్నది చూడాలి. అందుకని ఊళ్లో ఆవుల్ని రెండు భాగాలు చేస్తారు. సగం ఆవులకి మందు. సగం ఆవులకి ఏమీ ఉండదు, మామూలుగా ఎలా చేసుకుంటున్నారో అలాగే. ఏ ఆవు ఎందులో అన్నది చీటీలు తీసి తేలుస్తారు.

మాణిక్యాంబ ఈ చివరి ముక్క వినలేదు. పాకలో దూడ కట్టు విప్పుకుని తల్లి పాలన్నీ తాగేస్తోందని ఎవరో వచ్చి చెబితే మధ్యలో లేచి పరిగెత్తింది. దాన్ని కట్టేసి తిరిగొచ్చేసరికి చీటీల గిన్నె తిరుగుతోంది. అందరితోపాటు తనూ ఒకటి తీసి డాక్టరు చేతికిచ్చింది. హారతి విప్పి చూసి నవ్వుతూ చెప్పింది.

"మీది కంట్రోల్ అండి, మాణిక్యాంబగారూ. మీరేమీ చెయ్యక్కర్లేదు. ఎప్పట్లాగే ఉండండి."

ఇక్కడ కాస్త ఆగాలి. కంట్రోల్ అన్న మాటకి ఆ పరిశోధనల వాళ్ల దగ్గర ఏం అర్థమైనా ఉండనివ్వండి, మన గోదారి ఒడ్డున ఒకటే అర్థం. షుగరు కంట్రోల్లో ఉంది అంటే భయం లేదని. బీపీ కంట్రోల్లోకొచ్చింది అంటే గండం గడిచిందని. ఆస్పత్రి వరండాలో నిలబడ్డ ఏ తల్లినైనా అడగండి, ఆ మాట కోసమే చెవులు రిక్కించుకుని ఉంటుంది. వాళ్ల లెక్కలో మాత్రం కంట్రోల్ అంటే మందు లేని సగం. మందు వేసిన ఆవుల్ని పక్కన పెట్టి చూసుకోవడానికి, ఏమీ వెయ్యకుండా వదిలేసిన ఆవులన్నమాట. రోజూ తాము నమిలే మాట అవతలివాళ్ల నోట్లో ఇంకో రుచిగా ఉంటుందని ఇంత చదువుకున్నవాళ్లకి ఎందుకు తట్టదో, ఆ దేవుడికే తెలియాలి.

మాణిక్యాంబ ఇంటికి తేలిపోతూ వచ్చింది. మన ముత్యాలు కంట్రోల్లో ఉందంటండీ, మందు కూడా అక్కర్లేదంట అని మొగుడికి చెప్పింది. బుల్లబ్బాయి మంచం మీంచి, మరి నిన్నెప్పుడు కంట్రోల్లో పెడతారో కనుక్కోలేకపోయావా అన్నాడు. ఆవిడ నవ్వుకుంటూ కుడితి కలిపింది.

పక్కింటి వెంకటదుర్గ చీటీలో మందు వచ్చింది. ఆవిడ గోధుమరంగు సీసా చెంగు కింద దాచుకుని మొహం వేలాడేసుకుని వెళ్లిపోయింది. ఊళ్లో సగంమందికి అలాగే అర్థమైంది మరి. మందిచ్చారంటే జబ్బుందని, కంట్రోల్ అన్నారంటే లేదని. అరుగు మీద చెప్పింది చెప్పినట్టు విన్నవాళ్లు కూడా చాలామంది నాలుగు రోజులయ్యేసరికి ఇదే అర్థంలోకి వచ్చేశారు, మాట బలం అలాంటిది. ఆవుకి జబ్బని తెలిస్తే పాలెవరు పోయించుకుంటారని వెంకటదుర్గ ఆ సీసాని మంచం కింద పెట్టి, ఎవరూ చూడకుండా చన్నులు ముంచేది. పాపం దుర్గ, దాని ఆవుకే రావాలా ఆ జబ్బు అని మాణిక్యాంబ జాలిపడింది. మనసులో ఏ మూలో కాస్త గర్వపడింది కూడా. పడకుండా ఉంటే మనిషెలా అవుతుంది?

హారతి అప్పుడప్పుడూ వచ్చి ప్రతి ఆవు దగ్గరా నాలుగు చన్నుల పాలూ నాలుగు చిన్న సీసాల్లో పట్టుకెళ్లేది. వచ్చినప్పుడల్లా, పాలలో పలుకులు కనబడినా పొదుగు వేడెక్కినా వెంటనే ఫోన్ చెయ్యండని చెప్పేది. ఆయ్ అలాగేనండి అనేది మాణిక్యాంబ. ఆ హెచ్చరిక జబ్బున్న ఆవుల వాళ్లకి అనుకుంది, తనకి మర్యాదకి చెబుతోంది అనుకుంది. ఒకసారి ఆ పిల్ల ముత్యాలు వెనక ఎడమ చన్ను పట్టుకుని మామూలుకంటే ఎక్కువసేపు నొక్కి చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది. మాణిక్యాంబ కాఫీ ఇచ్చింది, తాగి వెళ్లింది.

శ్రావణంలో ఎగువన వానలు పడ్డాయి. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక వేశారు, మర్నాటికి రెండోది. పాకల్లోకి నీళ్లొచ్చాయి. ఊరు ఊరంతా పశువుల్ని తోలుకుని గట్టెక్కింది. బరకాలు కట్టి వాటి కింద ఆవుల్ని, గేదెల్ని, మనుషుల్ని కుక్కుకున్నారు. లంకల్లో గడ్డి అంతా మునిగిపోయింది. పడుకోవడానికి పొడి నేల జానెడు లేదు. పేడా, వాన నీరూ, మట్టీ కలిసిన రొచ్చులో పశువులు పొదుగులు ఆనించి పడుకున్నాయి. వెంకటదుర్గ ఆ వానలో కూడా సీసా తెచ్చుకుంది, చెంగు అడ్డం పెట్టుకుని చన్నులు ముంచుతూనే ఉంది.

గట్టు మీద ఒక పొద్దున్న మాణిక్యాంబ పాలు తీస్తుంటే వెనక ఎడమ చన్నులోంచి విరిగిన పెరుగులాంటి పలుకులు పడ్డాయి. ముత్యాలు కాలు జాడించింది. ఎన్నడూ కాలు ఎత్తని ఆవు. రావులపాలెం నుంచి పశువుల డాక్టర్ని పిలిపించవే అన్నాడు బుల్లబ్బాయి, ఈసారి వెటకారం లేకుండా. దారిలో నడుంలోతు నీళ్లున్నాయని, రమ్మంటే ఎలా వస్తాడని ఆవిడ అంది. అయినా ముందు హారతిగారినే అడుగుదామని ఫోన్ తీసింది.

అటు హారతి ఇంకో ఊళ్లో ఇలాంటి గట్టు మీదే ఉంది. పొద్దుట్నుంచీ ఆ పిల్లకి అవే ఫోన్లు. కంట్రోల్ అంటే ఏంటో సరిగ్గా తెలిసిన దొరబాబులాంటి వాళ్లు, ఈ బురదలో మా ఆవుకీ మందివ్వండి, మమ్మల్నీ మందు సగంలోకి మార్చండి అని ప్రాణం తోడేస్తున్నారు. మార్చడం కుదరదని అందరికీ చెప్పి చెప్పి నోరు పడిపోయింది. సరిగ్గా అప్పుడు మాణిక్యాంబ ఫోన్ వెళ్లింది.

"డాక్టరుగారండీ, మా ముత్యాలు కంట్రోల్లోనే ఉంది కదండీ?"

"ఆ, కంట్రోల్లోనే ఉందండీ. అందులో మార్పేం లేదు, ఖంగారు పడకండి."

వాన హోరు. అటు ఎవరో హారతిని పిలిచారు. పలుకుల సంగతి చెప్పడానికి మాణిక్యాంబ నోరు తెరిచేసరికి లైను పోయింది. మళ్లీ చెయ్యొచ్చు. చెయ్యలేదు. అంత చదువుకున్న పిల్ల ఖంగారు పడొద్దని చెప్పాక మళ్లీ మళ్లీ విసిగిస్తే నమ్మకం లేదన్నట్టుంటుంది, ఏం మర్యాద అనుకుంది. రావులపాలెం డాక్టర్ని పిలవమని బుల్లబ్బాయి మళ్లీ పోరితే, హారతిగారే చెప్పారండీ కంట్రోల్లోనే ఉందని అని గట్టిగా అంది. పసుపూ కలబందా సున్నమూ నూరి పొదుక్కి పట్టించింది. వాన అది పట్టించినంతసేపు కూడా ఉంచలేదు.

మర్నాడు ముత్యాలు మేత ముట్టలేదు. పొదుగు నిప్పులా కాలింది. కంట్రోల్లో ఉన్న జబ్బు కూడా ఒక్కోసారి పొంగి తగ్గుతుందేమో అనుకుంది మాణిక్యాంబ, తనకున్న షుగరు జబ్బు కూడా అంతే కదా. ఆ తర్వాతి రోజు పొదుగు వేడి తగ్గింది. హమ్మయ్య అనుకుని చేత్తో నిమిరింది. ఆ వెనక భాగం చల్లగా ఉంది. మామూలు చల్లదనం కాదు, చచ్చినదాన్ని ముట్టుకున్నట్టుంది. రంగు నీలం తిరిగింది. చన్ను పిండితే ఎర్రటి నీళ్లు వచ్చాయి, వాసన కొట్టింది. ముత్యాలు లేవబోయి, ముందుకాళ్లు మడతపడి రొచ్చులోకే కూలబడింది. అప్పుడు ఆవిడ పెట్టిన కేకకి గట్టు మీద వాళ్లందరూ వచ్చారు. ఫోన్ చేసింది వెంకటదుర్గ.

హారతి పడవలో కొంతా నడిచి కొంతా వచ్చింది. మోకాళ్ల మీద కూచుని సూదులు వేసింది, మెడ నరంలోకి సెలైన్లు ఎక్కించింది. బరకం కర్రకి సీసా కట్టి చీకటి పడేదాకా పక్కనే ఉంది. ప్రాణం దక్కొచ్చు గానీ ఆ భాగం చచ్చిపోయింది, కుళ్లి ఊడిపోతుంది, మిగతా మూడు చన్నులూ కూడా ఇంక పాలివ్వకపోవచ్చు అని చెప్పింది. చెప్పాక, పలుకులు కనబడ్డ రోజే నాకెందుకు ఫోన్ చెయ్యలేదండీ అని అడిగింది. గొంతులో కోపం కూడా ఉంది.

"చేశాను కదమ్మా," అంది మాణిక్యాంబ. "కంట్రోల్లోనే ఉందన్నారు. ఖంగారు పడొద్దన్నారు."

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత అదే బురదలో కూలబడి, ఆ మాటకి వాళ్ల దగ్గర అర్థమేంటో మొదట్నుంచీ విడమర్చి చెప్పింది. ఈసారి ఇంగ్లీషు ముక్క ఒక్కటి లేకుండా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. ఆ చెప్పడమేదో అరుగు మీదే వచ్చుంటే ఎంత బాగుండును. మాణిక్యాంబ ముత్యాలు గంగడోలు నిమురుతూ అంతా వింది.

"అంటే మా ఆవు ఏ మందూ లేని వాటాలో పడిందన్నమాట. మందు ఉంది, పక్కింట్లోనే ఉంది, దీనికి మాత్రం లేదు."

"లేనివాటితో పోలిస్తేనే కదండీ మందు పనిచేస్తోందని తేలేది."

"ఆ చన్ను నొక్కి చూశావే ఒకరోజు. అప్పుడే తెలుసా నీకు?" ఆవిడ నోట్లో మీరు పోయి నువ్వు వచ్చేసింది, ఆవిడ గమనించలేదు.

"తెలుసండి. అంతకు ముందే సీసాలో తేలింది. పైకి కనబడేదాకా చెప్పకూడదు, మందు వెయ్యకూడదని మా పద్ధతి. మా పైవాళ్లని అడిగాను కూడా. వద్దన్నారు." హారతి కళ్లనీళ్లు తుడుచుకోలేదు, చేతులు బురదగా ఉన్నాయి. "పైకి కనబడగానే మీరు ఫోన్ చేస్తారనుకున్నాను."

మాణిక్యాంబకి ఆ పిల్లని తిట్టాలనిపించింది. చెంప పగలగొట్టాలని కూడా అనిపించింది. చీటీ తీసింది తన చెయ్యే. లైను పోయాక మళ్లీ ఫోన్ చెయ్యనిది తనే. డాక్టర్ని పిలవమని పోరుతున్న మొగుడి నోరు మూయించింది తనే. ఎవర్ని తిట్టబోయినా అది తిరిగి తన దగ్గరికే వస్తోంది. వెళ్లమ్మా, చీకటి పడింది, పడవ ఉండదు అని మాత్రం అంది.

ముత్యాలు బతికింది. బతకడం అంటే ఊపిరి ఉంది అంతే. వరద తీసి పాకలోకి వచ్చాక పొదుగులో ఆ భాగం నల్లబడి, జారి, ఊడిపడింది. పుండు మానడానికి చాలాకాలం పట్టింది. మిగతా చన్నులు ఎండిపోయాయి. హారతి సెలవు పెట్టుకుని మరీ వచ్చి కట్లు కట్టేది. ఆవుని మీ పరిశోధన కేంద్రానికి తీసుకుపోయి మేపకూడదా అని బుల్లబ్బాయి అడిగితే, అడిగి చూశానండి, జబ్బు చేసిన ఆవుని మందలోకి రానివ్వరట అని తల దించుకుంది. వెంకటదుర్గ ఒక సాయంత్రం వచ్చి, నాది జబ్బు మందనుకుని దాచానే, నీకు కాస్త ఇచ్చినా పోయేది అని బావురుమంది. మాణిక్యాంబ ఆవిణ్ణి ఓదార్చి పంపింది. ఆ ఓదార్చడానికి ఎంత ఓపిక కావాలో ఓదార్చినవాళ్లకే తెలుస్తుంది.

కార్తీకంలో పాలకేంద్రం దగ్గర మళ్లీ మీటింగు పెట్టారు. హారతి పైఅధికారి ఉదయభాస్కర్ గారు వచ్చారు. మందు బ్రహ్మాండంగా పనిచేసిందని, ఆ వరదలో కూడా మందు వాడిన ఆవులు దాదాపు అన్నీ నిలబడ్డాయని, వాడని వాటిలో చాలావాటికి జబ్బు వచ్చిందని, తేడా ఇంత స్పష్టంగా తేలడం తాము ఊహించలేదని చెప్పారు. ఇకమీదట ఊళ్లో అందరికీ ఉచితంగా ఇస్తామన్నారు. చప్పట్లు కొట్టారు. మాణిక్యాంబ చేతిలోనూ ఒక సీసా పెట్టారు. పద్ధతిగా తీసుకుంది, తీసుకోనంటే ఏం బాగుంటుంది? ఇంటికొచ్చి దాన్ని వెంకటదుర్గ ఇంట్లో ఇచ్చేసింది.

లంకల్లో గడ్డి ఇంకా లేవలేదు. కొన్న ఎండుగడ్డి పెయ్యదూడకి పెడితే ముత్యాలుకి లేదు, ముత్యాలుకి పెడితే దూడకి లేదు. దూడకి ముందు బతుకుంది. ఈ మాట మొదట బుల్లబ్బాయే అన్నాడు, అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మాణిక్యాంబ కొన్నాళ్లు తన తిండి తగ్గించుకుని చూసింది. మనిషి తిండి మిగిలితే ఆవు కడుపు నిండుతుందా? చివరికి ఆవిడే కబురు పెట్టమంది. ఒట్టిపోయిన పశువుల్ని కొనేవాళ్లు ఎటు తీసుకెళతారో ఊళ్లో ఎవరూ పైకి అనరు. ఆవిడా అడగలేదు.

వ్యాను పొద్దున్నే వచ్చింది. వెనక చెక్క వేసి, ఇద్దరు మనుషులు పలుపు పట్టి లాగారు. ముత్యాలు కాళ్లు తన్నిపట్టి కదల్లేదు. ఒకడు తోక మెలితిప్పాడు, ఇంకొకడు కర్ర తీశాడు. మాణిక్యాంబ ఇంట్లో చెవులు మూసుకుని కూచుంది. కర్ర దెబ్బ వినబడేసరికి ఉండబట్టలేక బయటికొచ్చింది. కర్ర పక్కన పడెయ్యమంది. దూడ ముందున్న గడ్డిలోంచి ఒక గుప్పెడు తీసుకుని, చీర ఎగ్గట్టి తనే ముందు వ్యాను ఎక్కింది. "రా అమ్మా" అంది. ముత్యాలు ఒక్కసారి బుస్సుమని, చెక్క మీద కాలు పెట్టి, చక్కగా ఎక్కి వచ్చింది. ఆవిడ చేతిలో గడ్డి తిని, ఆ చెయ్యి నాకింది.

మాణిక్యాంబ మెడ కింద గోకుతూ గోకుతూ పక్కనుంచి తప్పుకుని కిందికి దిగింది. వెనక తలుపు వెయ్యడానికి డ్రైవరు వస్తుంటే ఆగమంది. వేరేవాళ్లు వేస్తే బెదురుతుందని చెప్పి, గడియ ఆవిడే పెట్టింది.